బస్టాండు ప్రశ్న

హసావిలో మలబారు హోటలు పైన నెట్ సెంటరు,
గంటకు పావు దినారు.
శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ వాసన మెట్లెక్కి వచ్చి
మాకన్నా ముందే కుర్చీలో కూర్చునేది.

అక్కడే పెట్టినాం మా గుంపు.
పేరు "మాలియా నీడ".
నిజానికి ఆ నీడ బస్‌స్టాపు రేకుది.
ఎండ తిరిగితే నీడా తిరిగేది,
దాని వెంబడి మేమూ.

మొదట్లో తలుపు లేదు.
వీసాలమ్మేటోడొకడు దూరినాడు.
ఆడోళ్ల ఫొటోలు ఎత్తుకుపోయేటోడొకడు దూరినాడు.
అప్పుడు పెట్టినాం తలుపు.
తాళం లేదు, ఒక ప్రశ్న అంతే:

*రాయచోటి బస్టాండులో
తెల్లారుజామున నాలుగున్నర కడప బస్సు
ఏ అరుగు కాడ ఆగుతాది?*

ఏ అరుగు కాడా ఆగదు.
బయట, సోడాబండి కాడ ఆగుతాది.
ఊరోడికి తప్ప తెలీదు.
ఆ ప్రశ్న నాదే.
రెండ్రోజులు మురిసిపోయినా.

లోపల ఒకరి గోడ మీద ఒకరం రాసుకునేవాళ్లం,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు,
సగం అర్థమయ్యేది, సగం ఊహించుకునేది.
ఓబులేసును పొగడమంటే రాసినా:
"వీడు ఇచ్చిన అప్పు అడగడు,
తీసుకున్న అప్పు మర్చిపోడు."
దాన్ని ప్రింటు తీయించి
పై మంచం ఇనప కమ్మీకి అతికించుకున్నాడు.
అకామా కాగితం కూడా అంత భద్రంగా పెట్టుకోలేదు.

మూడువందల పన్నెండు మందిమి.
ఇంకొకణ్ణి రానియ్యాలంటే మూడు రాత్రుల పంచాయితీ.
బయట నిలబడేవాళ్లు పెరిగేకొద్దీ
లోపలుండే మేము ఎత్తు పెరిగినట్టుండేది.
పగలంతా కఫీలు ముందర తల వంచినోణ్ణి,
రాత్రికి రానీ, రాకపోనీ అనేది నేను.
చిటికెన గోరంత బటను.
దాని రుచి నాకు తెలుసు.

ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పలేను.
సాల్మియా ఫ్లాట్లలో ఉండే ఇంజనీర్లు ముందు పోయినారు,
ఇంకో కొత్త ఇంటికి.
అక్కడ వాళ్లదో గుంపు, వాళ్లదో ప్రశ్న.
నేనూ అర్జీ పెట్టినా.
ఇంకా చూస్తా ఉండారేమో.
నెట్ సెంటరు సెలూనయింది.
పెంచలయ్య అవుట్‌పాస్ మీద ఊరికి పోయినాడు,
వాడి ఫొటో మాత్రం
అరువు చొక్కాలో నవ్వుతానే ఉండింది.

మూసేస్తున్నామని కంపెనీ చెప్పిన వారం
జహ్రాలో, ఇస్కూలు ముందర, బండిలో కూర్చోని
పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకున్నా. మా దూడ పేరు.

తలుపు బయట నలభై ఒక్క మంది,
ఇన్నేళ్లూ నిలబడుకోనే ఉండారు.

ఒకామెకు ఫొటో లేదు, రోజాపువ్వు బొమ్మ.
మహబూబ్‌బీ.
ప్రశ్న కింద, ఒక్కో అక్షరం వెతికి కొట్టినట్టు:

*అన్నా బస్టాండు నేను చూల్లేదు
మమ్మల్ని రాత్రిపూట జీపులో ఎక్కించినారు
ఇంట్లో ఎవురూ లేని గంటలో ఇది తెరిచినా
మన మాట ఇనబడతాదని
ఈ ఇల్లు యాడుండాదో చెప్పను రాదు
కిటికీలోంచి నీళ్ల ట్యాంకులు కనపడతాయి
నీలం చారలవి*

తేదీ చూసినా. ఆరేళ్ల కిందటి మార్చి.
దాని కింద నా పేరు.
నా పేరు పక్కన ఒకటే మాట:
తప్పు.

నలభై ఒక్క మందినీ రానిచ్చినా.
నొక్కినప్పుడల్లా స్వాగతం, స్వాగతం అన్నది తెర.
లోపల దీపం పెట్టేవాడు కూడా లేడు.
మహబూబ్‌బీ గోడ మీద
"అమ్మా, యాడుండావు" అని రాసినా,
తెలుగు అక్షరాల్లో.
ఆమెకు చదవను వచ్చో రాదో.

బెల్లు కొట్టినారు.
పిల్లోళ్లొచ్చి ఏసీ పెంచమన్నారు.

ఆ ట్యాంకులు ఈ దేశమంతా ఉండాయి,
గుంపులు గుంపులుగా, పుట్టగొడుగుల మాదిరి.
పదేళ్లుగా వాటి కిందనే బండి తోలతా ఉండా.
ఈపొద్దు మలుపులో ఒక గుంపు ఎదురైతే
చుట్టూ ఎన్ని కిటికీలుండాయో
మొదటిసారి ఎంచబోయినా.

ఏడు దాకా వచ్చింది.
వెనక నుంచి హారన్లు.